కాలియాకి కథ చదివిన వారం

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే పుస్తకాల మీద నమ్మకం ఎక్కువ. డిగ్రీ అయ్యీ కాకముందే, ఒడిశాలోని గోపాల్‌పూర్ జాలరిపేటలో చిన్నపిల్లలకి తెలుగు చదవడం నేర్పే ఉద్యోగంలో చేరాను. బరంపురం నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. (మా నాన్నది బట్టల కొట్టు. చేపల వాసనతో కొట్లోకి మాత్రం రావద్దన్నారు. ఆయన దీవెన అదొక్కటే.) నా సంచి నిండా పెద్దక్షరాల బొమ్మల పుస్తకాలు. వాటిలో కుక్కపిల్లలదే రాజ్యం. ఒకటి బంతి పంచుకోవడం నేర్చుకుంటుంది, ఒకటి అబద్ధమాడి ఏడుస్తుంది, ఇంకొకటి పక్కింటి చేప దొంగిలించి, సిగ్గుపడి, తిరిగి ఇచ్చేస్తుంది.

ఆ చేప కథ చదివిన రోజు ముందు వరసలోని ఏడేళ్ల పిల్ల చెయ్యెత్తింది. రోజుకో సందేహం అడిగే ఆ పిల్లకి అనుమానాల పిల్ల అని నేనే పేరు పెట్టుకున్నాను.

"మేడమ్, ఈ కత కుక్కలకి తెలుసా?"

తెలియదన్నాను.

"మరి మాకెందుకు సెప్తన్నారు? మేం సేపలు దొంగతనం సెయ్యం గదా."

నవ్వబోయి ఆగాను, ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు. మెల్లగా అడిగితే సంగతి బయటపడింది. పేటలో కాలియా అనే నల్లకుక్క ఒకటుంది. ఆ పిల్ల నానమ్మ ఇసుకలో ఎండబెట్టిన చేపల్ని అది రోజూ ఎత్తుకుపోతోంది. ఆదివారం దాన్ని ఆటోలో ఎక్కించి ఛత్రపూర్ అవతల వదిలేసి వస్తానని నానమ్మ తేల్చి చెప్పింది. పిల్లకేమో కాలియా అంటే ప్రాణం.

అయితే కాలియాకే ఈ కథ చదివి చూద్దాం అన్నాను. ఇరవై రెండేళ్ల మనిషిని, ఎంతో గంభీరంగా అన్నాను. వెంటనే ఏ భాషలో చదవాలన్న చర్చ మొదలైంది. కాలియా ఒడియావాళ్ల టీకొట్టు దగ్గర పుట్టింది కాబట్టి దానికి తెలుగు రాదని పిల్లలు తీర్మానించారు. నా ఒడియా కొట్లో బేరాలకి సరిపోతుంది గాని నీతికథలకి చాలదు. వాక్యానికి రెండు తప్పులు పలికేదాన్ని, పిల్లలు దిద్దేవారు, కాలియా చెవులు నిక్కించి వినేది. నాలుగో రోజుకి నేను పుస్తకం తెరవకముందే వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రమే ఆఫీసుకి రిపోర్టు పంపాను. కథలు వింటే మూగజీవాల నడవడిక కూడా మారుతుందని అందులో రాశాను. (అలాగే రాశాను. కింద గీత కూడా గీశాను.)

శనివారం పరీక్ష. నానమ్మ నమ్మకం లేకుండానే ఒక చేటలో ఎండుచేపలు తెచ్చి కాలియా ముందు పెట్టింది. అది వాసన చూసింది, ఆవలించింది, పక్కకి తిరిగి పడుకుంది. నా కళ్లు చెమర్చాయి. నానమ్మ మాత్రం వంగి దాని పొట్ట తడిమి, పిల్లల వైపు చూసింది.

"ఏటి పెడతన్నారే దీనికి?"

పిల్లలు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకున్నారు. చివరికి అనుమానాల పిల్లే ఒప్పుకుంది. కథ అయ్యేదాకా కాలియా కదలకుండా ఉండాలని రోజూ ఒక్కొక్కరు ఇంటి నుంచి చద్దన్నమో బిస్కెట్లో తెచ్చి పెడుతున్నారట. నేను పుస్తకంలో తల దూర్చి ఒడియా మాటలు వెతుక్కుంటున్నప్పుడు జరిగేదట ఇదంతా.

నానమ్మ చేట ఎత్తుకుంది. "దొంగ ఈ కుక్క కాదమ్మా, దీని కడుపు. ఇలాగే ఇంటికో ముద్ద పెడతంటే ఉండనీండి," అని వెళ్లిపోయింది. కాలియా పేటలోనే ఉండిపోయింది.

సోమవారం ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తింది. "మేడమ్, పుస్తకంలో కుక్కకి ఎవులూ అన్నం పెట్టలేదేటి?"

ఇద్దరం పక్కపక్కన కూర్చుని బొమ్మలన్నీ వెతికాం. ఇల్లుంది, తోట ఉంది, సిగ్గుపడ్డ కుక్కపిల్ల ఉంది. అన్నం గిన్నె ఎక్కడా లేదు. ఇప్పుడు బడులకి పుస్తకాలు ఎంపిక చేసే పనిలో ఉన్నాను. కుక్క బొమ్మ కనబడితే అక్షరాల కంటే ముందు గిన్నె కోసం చూస్తాను. అలా చూస్తున్నప్పుడల్లా, రాని భాషలో ఒక కుక్కకి గొంతెత్తి నీతులు చదివిన ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి గుర్తొచ్చి, ముద్దొస్తుంది.