పోగు తెగింది సార్

నా చిన్నప్పుడు సిరిసిల్లలో చెవుడును ఎవరూ లోపంగా లెక్కించేవారు కాదు, ఎందుకంటే పగటిపూట మా వాడలో అందరిదీ చెవుడే. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. అవి మొదలయ్యాయంటే, కోరుట్ల నుంచి బయల్దేరిన కాకులు ఆ చప్పుడుకు జడిసి మా ఊరిని చుట్టి పోయేవి. షెడ్డులో తుమ్మిన మనిషికి తాను తుమ్మిన సంగతి ఇంటికి వెళ్లాక గానీ తెలిసేది కాదు. అందుకని నేతన్నలు చేతులతోనే మాట్లాడుకునేవారు. రెండు చూపుడువేళ్లు ఆనించి పుటుక్కున విడదీస్తే పోగు తెగిందని, ఆపమని అర్థం. మీసం మెలేస్తే కొడుకు, ముక్కుపుడక చోట వేలు పెడితే బిడ్డ. ఒక పెళ్లి సంబంధం మొత్తం, అలకలతో సహా, రెండు సాంచాల మధ్య చేతులతోనే కుదిరిపోవడం నేను కళ్లారా చూశాను.

మా చిన్నాయన బిడ్డ, నాకంటే రెండేళ్లు చిన్నది, పుట్టుకతోనే చెవిటిది. ఆ సంగతి మా ఇంట్లో చాలా ఆలస్యంగా తెలిసింది. పిల్ల షెడ్డులో ఉయ్యాల్లో పెరిగింది, చుట్టూ అందరూ చేతులు తిప్పేవాళ్లే, తనూ తిప్పింది. అనుమానం ఎవరికి వస్తుంది?

మా పెద్దమ్మ బడిలో చేర్చబోయిన రోజు బయటపడింది. మా బడి పెద్దసార్ ఇక్కడ సైలెన్స్ అంటే జగిత్యాల బస్టాండులో బస్సులు ఆగేవి. ఆ గొంతుతో మూడుసార్లు పేరు పిలిచినా చెల్లె గోడమీది బల్లినే చూస్తూ నిలబడింది. సార్ రిజిస్టరు మూసేశారు.

‘గీ పోరికి ఇనవడదమ్మా. నేనెట్ల చెప్పాలె సదువు? హైదరాబాద్ల గిసొంటోళ్లకు బడి ఉన్నదట, ఆడికి తోలుండ్రి.’

మాకు హైదరాబాద్ అంటే చంద్రమండలానికి ఒక స్టేజీ ఇవతల. చిన్నాయన వేములవాడ దాటి ఎరగడు. ఆరేళ్ల పిల్లను అంత దూరం ఒంటరిగా పంపాలి, లేదంటే బడి మానాలి. మూడో దారి ఎవరూ చెప్పలేదు. చెల్లె మాత్రం రోజూ పలక పట్టుకుని నా వెంట గేటు దాకా వచ్చి, గంట కొట్టాక మెట్టు మీద కూర్చునేది. లోపల పిల్లల నోళ్లు ఆడుతుంటే చూసి, తన నోరూ ఆడించేది.

పక్కింటి మామ ఒక ఉపాయం చెప్పాడు. అడవిలో నక్సలైట్ అన్నలు, రోడ్డు మీద పోలీసులు ఉన్న కాలం అది.

‘అన్నలకు ఒక చిట్టి పంపుదాం వదినా. పొద్దుగూకేవరకు సార్ ఇంటికచ్చి చేర్చుకుంటడు.’

మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఆమె కండెలు చుట్టేది, అంటే సాంచాకు కావలసిన నూలును చిన్న పుల్లలకు చుట్టే పని. ఆమె చేతి వేగానికి రాట్నమే ఆయాసపడేది.

‘భయానికి చేర్చుకుంటే బెంచి మీద కూసోవెడుతడు. సదువు చెప్తడా?’

నెల తిరగకముందే సార్‌కు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి, బడియీడు పిల్లలు ఎందరో రాసుకురావాలి. ఆ రోజుల్లో పుస్తకం చంకన పెట్టుకుని, మీ ఇంట్లో ఎందరున్నారని అడిగే మనిషి కంటే పులి నయం. ఆ జాబితా పోలీసులకు పోతుందో, అన్నలకు పోతుందో ఎవరికి తెలుసు? సార్ సందు మొదట్లో దగ్గితే సందు చివర తలుపులు పడేవి. ఒక ఇంట్లోనైతే ఆరుగురు పిల్లల్ని మంచం కింద కుక్కి, మాకు సంతానయోగం లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మూడు రోజులు తిరిగి మూడు ఇళ్లు రాసి, సార్ మా అరుగు మీద కూలబడ్డారు. ఆ మూడింట్లో ఒకటి మాది. మా ఇంటి వరుసలో నన్ను మాత్రమే రాశారు.

పెద్దమ్మ చాయ్ ఇచ్చింది.

‘ఇండ్లల్ల ఎవ్వలు చెప్పరు సార్. షెడ్డుకు పోండ్రి, తండ్రులందరు ఆడనే ఉంటరు. మా చిన్నపోరి మీ ఎంట అస్తది. దాన్ని చూస్తె చెప్తరు.’

‘దానికి ఇనవడదు గదమ్మా.’

పెద్దమ్మ కండె మీది నుంచి చూపు తిప్పలేదు.

‘ఆడ ఎవ్వలికి ఇనవడదు సార్. పోండ్రి.’

నేనూ వెంట వెళ్లాను. షెడ్డులో సార్ మొదటి నేతన్న ముందు నిలబడి, మెడనరాలు పెన్సిళ్లంత లావు తేలేలా అరిచారు. ఆయన ఆవులిస్తున్నారనుకుని, ఆ పెద్దమనిషి పడుకోవడానికి నూలు మూట మీద చోటు చూపించాడు. అవతలివాళ్లు చేతులు తిప్పారు. సార్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతమంది మాట్లాడుకుంటున్న చోట ఆయన ఒక్కరే బొమ్మలా నిలబడ్డారు. ఆ ముఖం నాకు తెలిసిన ముఖమే. రోజూ బడి మెట్టు మీద చూసేదాన్ని.

చెల్లె సార్ చొక్కా పట్టి లాగింది. నేతన్న వైపు తిరిగి ఏదో అడిగింది. అతను మీసం మెలేసి, ముక్కు తాకి, ఒక్కొక్కరి వయసు వేళ్లతో చూపించాడు. చెల్లె సార్ పుస్తకంలో కొడుకు గడి మీద వేలు పెట్టి తొమ్మిది వేళ్లు, బిడ్డ గడి మీద పెట్టి ఆరు వేళ్లు చూపింది. సార్ నన్ను రాసుకునేటప్పుడు చూసి, ఏ గడి ఎవరిదో అప్పటికే కనిపెట్టేసింది. పేర్లు మాత్రం తండ్రులే ఒక చేత్తో సాంచాను పట్టుకుని, ఒక చేత్తో గీకారు. మధ్యాహ్నానికి ఎనిమిది షెడ్లయ్యాయి. మంచం కింది ఆరుగురూ పుస్తకంలోకి వచ్చేశారు.

అరుగు మీదికి వచ్చాక చెల్లె పుస్తకం లాక్కుని మా ఇంటి వరుస వెతికింది. నా పేరు పక్కన ఖాళీ మీద వేలు పెట్టి, ముక్కు తాకి, ఆరు వేళ్లు చూపి, తన గుండె మీద తట్టుకుంది.

‘మా ఇంట్ల ఎందరో ఇప్పుడు మీరే చెప్పుండ్రి సార్’ అంది పెద్దమ్మ.

సార్ చాలాసేపు పెన్సిలు చెక్కారు. సగం పెన్సిలు అరుగు మీద పొట్టయి రాలింది. మిగిలిన సగంతో చెల్లె పేరు రాశారు. ‘నాకు గా చేతుల మాట రాదమ్మా’ అన్నారు మెల్లగా.

‘అది నేర్పుతది తియ్యుండ్రి.’

నేర్పింది. మా బడిలో తరగతులన్నీ ఒకే గదిలో కూర్చునేవి. మొదటి వారం సార్ అలవాటుగా బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పబోతే, ముందు బెంచీలోంచి రెండు వేళ్లు పైకి లేచి పుటుక్కున విడిపోయాయి. పోగు తెగింది, ఆపమని. సార్ ఆపి, ఇటు తిరిగి, ఆమెకు పెదవులు కనిపించేలా మళ్లీ చెప్పారు. పదిసార్లు తెగితే పదిసార్లు చెప్పారు. ఆ పుణ్యాన నాకు కూడా భాగహారం వచ్చింది, ఇది మా వంశంలో మొదటిసారి.

అన్ని పాఠాలూ ఆమెకు అందాయని చెప్పను. సగం నా నోట్సు చూసి రాసుకుంది. నా నోట్సులో సగం తప్పులే. ఇలాంటి పిల్లలను కాదనకూడదన్న చట్టం చాలా ఏళ్లకు వచ్చింది. ఆ తరువాత బడికి ర్యాంపు కట్టారు, ఎదురుగా సైకిళ్లు నిలపడానికి కూడా అది బాగానే పనికొస్తోంది.

నేను ఇప్పటికీ నలుగురిలో మాట్లాడవలసి వస్తే మొదట వెనక వరుస చేతులు చూస్తాను, ఎక్కడైనా పోగు తెగిందేమోనని. ఎవరూ చెయ్యి ఎత్తకపోయినా, ఎవరి ముఖమైనా షెడ్డులో మా సార్ ముఖంలా కనిపిస్తే, అక్కడే ఆపి, అటు తిరిగి, మొదటినుంచి చెబుతాను.