నిద్ర టీచర్

కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి ఊరు ఊరంతా తుమ్ముతుండే ఆ ఎనభైల్లో, నాకు మాత్రం లోకమంటే నా మొహం మీది మొటిమలే. పొన్నూరు ఆడపిల్లల స్కూల్లో టీచరు ఉద్యోగమొచ్చింది, జూన్‌లో చేరాలి. భయమల్లా మొదటిరోజే పిల్లలు పెట్టే పేరు గురించి. అది రిటైరయ్యేదాకా వదలదు. (నాకు తెలుసు. మా లెక్కల టీచరుకి 'దొండకాయ' అని పేరు పెట్టింది నేనే.)

నాలుగు రకాల క్రీములు పూసి విసిగిపోయి, పెసలూ పసుపూ పట్టుకుని పిండిమరకి వెళ్ళాను. ఆవకాయల కాలం. నా ముందావిడ బస్తాడు కారం పట్టించుకుని వెళ్ళింది. అదే మరలో నా సున్నిపిండీ పట్టించి, ఇంటికొచ్చి మొహానికి మందంగా మెత్తి, కళ్ళు మూసుకుని చందమామలాంటి టీచరమ్మని కలగంటూ కూర్చున్నాను. ఆ కల అర నిమిషం నిలిచింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందే! కారం పట్టిన మరలోనే పట్టించుకొచ్చావా?" అంటూ అమ్మమ్మ కుండెడు మజ్జిగ నా మీద కుమ్మరించింది. ఇక నన్ను 'మిరప్పండు టీచర్' అనకుండా ఎవరాపగలరు?

మర్నాడు అమ్మమ్మే నన్ను గుంటూరులో చర్మాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ మంటకి మందు రాసి, ఇక మొహం సంగతే ఎత్తకుండా "ఎన్నింటికి పడుకుంటావమ్మా? ఏం తింటావు? ఎందుకింత దిగులు?" అని అడిగింది. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. దొండకాయ సంగతి కూడా ఒప్పేసుకున్నాను. ఆవిడ నవ్వి, క్రీములన్నీ మానిపించి, మొటిమలకి ఒక్క మందు రాసిచ్చి, తొమ్మిదింటికల్లా పడుకోమంది. "మచ్చలన్నీ పోవాలండీ" అన్నాను. "అన్నీ తీసేస్తే అది ఇంకెవరి మొహమో అవుతుంది తల్లీ. నిన్ను చూసి 'ఏం పూశావ్' అనకూడదు, 'బాగా నిద్రపట్టిందా' అనాలి. అప్పుడే నా వైద్యం పనిచేసినట్టు."

ఆ నెలంతా డాబా మీద నవారు మంచంలో, మల్లెల వాసనలో తేలిపోతూ నిద్రపోయాను. అంత హాయి మళ్ళీ ఎరగను.

జూన్‌లో గుండె చిక్కబట్టుకుని క్లాసులో నిలబడ్డాను. రెండో బెంచీ పిల్ల కళ్ళార్పకుండా చూసి, "రాత్రి బాగా నిద్రపోయారాండీ టీచర్? మొహం తేటగా ఉందండీ" అంది. సంతోషంలో ఒళ్ళు తెలియక, "అవునే, తొమ్మిది గంటలు!" అనేశాను. క్లాసంతా గొల్లుమంది. సాయంత్రానికి నేను నిద్ర టీచర్ని.

ఆ పేరుతోనే రిటైరయ్యాను. రెండు మచ్చలు ఇంకా చెంప మీదే ఉన్నాయి, అవంటే నాకిష్టం. నిద్రే, మూడింటికల్లా లేచి వెళ్ళిపోతోంది. మొన్న బస్సులో ఆ రెండో బెంచీ పిల్ల (తలంతా నెరిసింది) గుర్తుపట్టి, "ఇప్పటికీ తొమ్మిది గంటలేనా టీచర్?" అని అడిగింది.

"అవునే, తొమ్మిది గంటలు" అన్నాను. పేరు నిలబెట్టుకోవాలి కదా!