మార్తక్క నా చేతికిచ్చిన దరఖాస్తు

నిన్న పొద్దున మా గల్లీ వాట్సాప్ గ్రూప్‌లో మార్తక్క ఫొటో కనబడింది. చుట్టూ పువ్వుల ఫ్రేమ్, నవ్వు మొహం.

బర్త్‌డే అనుకున్నా. విషెస్ టైప్ చేసి, కేక్ బొమ్మ కూడా పెట్టబోయా.

కింద చూస్తే అన్నీ దండం పెట్టే బొమ్మలే.

తెల్లారుజామున హార్ట్ ఎటాక్ అట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మార్తక్క కాజీపేటలో మా గల్లీ టైలర్. నాకు సొంత అక్క కాదు, గల్లీలో అందరికీ అక్కే. మా ఆవిడ బ్లౌజుల నుంచి నా ప్యాంటు జిప్పుల దాకా అన్నీ ఆమె మిషన్ మీదే.

మా గల్లీ మోరీకి, అదే మురిక్కాలువకి, అప్పట్లో మూత లేదు. వాన పడితే రోడ్డు ఏదో, మోరీ ఏదో తెలిసేది కాదు. స్కూల్ పిల్లలు గోడ పట్టుకుని నడిచేవాళ్ళు.

మూడేళ్ళ కింద అక్కే లేచింది. మోరీ మీద బండలు వేయించమని మున్సిపల్ ఆఫీసుకు దరఖాస్తు రాయించింది. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరగలేదు. బ్లౌజుల కోసం అందరూ ఆమె దగ్గరికే రావాలి కదా.

"సంతకం పెడ్తెనే బ్లౌజ్ ఇస్త. పెట్టవా? పో, పెండ్లికి పాతదే ఏస్కోని పో!"

అసలే పెళ్ళిళ్ళ సీజన్. వారంలో అరవై సంతకాలు. దేనికీ ఒప్పుకోని రిటైర్డ్ రైల్వే గార్డు సారు కూడా, వాళ్ళావిడ జాకెట్టు ఆగిపోయేసరికి గొణుక్కుంటూ వచ్చి పెట్టి పోయాడు.

ఆ కాగితాలన్నీ నా చేతికిచ్చింది.

"నువ్వు సదువుకున్నోనివి తమ్మీ. సోమవారం పొయ్యి ఆఫీసుల ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర ఏపిచ్చుకరా."

ఇక్కడి నుంచి రాయాలంటే సిగ్గుగా ఉంది.

నేను పోలేదు.

మొదటి సోమవారం డ్యూటీ. రెండో సోమవారం ఒట్టి బద్ధకం. అక్క అడిగితే "ఇచ్చినక్కా" అనేశా. ముద్ర ఏదంటే "వచ్చే వారం రమ్మన్నరు" అన్నా.

కాగితాలు నా స్కూటీ డిక్కీలో, రెయిన్‌కోట్ కిందే ఉన్నాయి.

ఆ వానాకాలం అక్క మోరీలో పడింది. కాలు విరిగింది.

దరఖాస్తు ఇచ్చి ఉంటే అప్పటికి బండలు పడేవో లేదో నాకు తెలియదు. కానీ యాపిల్స్ పట్టుకుని దవాఖానకు పోయి, ఆమె మంచం పక్కన కూర్చుని కూడా నిజం చెప్పలేదు.

కట్టు విప్పాక, కర్ర పట్టుకుని ఆఫీసుకు తనే పోయింది, మన దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందని అడగడానికి.

అలాంటి దరఖాస్తే రాలేదన్నారు.

సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చింది. ఇక అయిపోయింది నా పని అనుకున్నా.

చేతిలో కొత్త తెల్ల కాగితాలు.

"మల్ల మొదలువెట్టిన తమ్మీ. జర సంతకం పెట్టు."

అంతే. ఒక్క మాట అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది, కాళ్ళ మీద పడేవాణ్ణి. తలొంచుకుని సంతకం పెట్టా. చాయ్ తాగి పోయింది.

ఈసారి తనే ఇచ్చి ముద్ర వేయించుకుంది. పోయిన ఎండాకాలం బండలు పడ్డాయి. కానీ చర్చి మలుపు దాకానే. స్కూల్ వైపు అలాగే ఉంది. దానికోసం మళ్ళీ సంతకాలు మొదలుపెట్టింది.

ఆమె షాపు ముందు నుంచే రోజూ పోయేవాణ్ణి. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఇన్నాళ్ళు నెట్టుకొచ్చా.

ఇవాళ సమాధుల తోటలో మట్టి వేస్తూ చెప్పా. ఇక చెప్పి ఏం లాభం?

తిరిగొచ్చాక అక్క కోడలు ఒక కవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. స్కూల్ వైపు మోరీ దరఖాస్తు. నిండా సంతకాలు.

"ఇది మీకే ఇయ్యమన్నది అత్తమ్మ. సోమవారం రవి తమ్మి వోతడు అని మొన్ననే చెప్పింది."

అన్నీ తెలిసి కూడా, మళ్ళీ నాకే.

అక్కా, రేపే సోమవారం.

కవర్ డిక్కీలో పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకునే ఇది రాస్తున్నా. ముద్ర వేసిన జిరాక్స్ తెచ్చి నీ మిషన్ మీద పెడతా.

ఇక గల్లీ ఫికర్ పెట్టుకోకు. ప్రభువు దగ్గర, ఆ కాలు నొప్పి లేకుండా, హాయిగా నిద్రపో అక్కా.