గుండెకి లోడ్ టెస్ట్

ఇప్పటివాళ్లకు చెబితే నవ్విపోతారు గానీ, ఎనభయ్యో దశకం మొదట్లో మా విశాఖపట్నంలో జబ్బు నయం చేయడం డాక్టరు పని, అది ఏ జబ్బో తేల్చడం మాత్రం గుమాస్తా పని. ఆ గుమాస్తాను నేనే. రేవు దగ్గర ఒక పెద్ద సంస్థలో (పేరు చెప్పను, ఇప్పటికీ పింఛను వాళ్లే ఇస్తున్నారు) మెడికల్ బిల్లుల సెక్షన్లో కొత్తగా చేరాను. బీకాం డిగ్రీ, నూనె రాసి దువ్విన క్రాపు, లోకంలో నాకు తెలియనిది లేదన్న ధీమా. మా దగ్గర ఒక కోడు పట్టిక ఉండేది. జ్వరానికో నంబరు, విరిగిన ఎముకకో నంబరు, పురుడికో నంబరు. ఆ నంబర్లలో ఇమడని జబ్బు ఉద్యోగికి గానీ వాడి పిల్లలకు గానీ రావడానికి వీల్లేదని సంస్థవారి ఉద్దేశం.

మా సూపరింటెండెంటును అందరం చాటుగా 'స్పేర్‌పార్టు' అనేవాళ్లం. ఆయన సర్వీసంతా స్టోర్సులో కూర్చుని క్రేన్ల మరమ్మతు బిల్లులు పాస్ చేయడంలోనే గడిచింది. ఏ మహానుభావుడికి తట్టిందో, రిటైరయ్యే ముందు తెచ్చి మనుషుల బిల్లుల మీద కూర్చోబెట్టారు. ఆయనకు తేడా తెలియలేదు. కళ్లజోడు బిల్లు వస్తే "పాతది స్టోర్సుకు అప్పగించారా?" అని ఎర్రసిరాతో రాసేవాడు. కట్టుడు పళ్లు పెట్టించుకున్న ఒక ముసలి ఫోర్‌మన్ ఒళ్లు మండి, ఊడిన పళ్లను పొట్లం కట్టి తెచ్చి ఆయన బల్ల మీద పోశాడు. స్పేర్‌పార్టు వాటిని లెక్కపెట్టి (ఒట్టు, లెక్కపెట్టి) రసీదు ఇచ్చాడు. ఇలాంటి మనిషి దగ్గరికి క్రేను బావ కూతురి గుండె వచ్చింది.

క్రేను బావ నాకు చుట్టమేం కాదు. జెట్టీ మీద క్రేను నడిపేవాడు, విజయనగరం వైపు పల్లె మనిషి. కనిపించిన మగవాడినల్లా బావా అంటాడు కాబట్టి ఊరందరికీ బావే. అతని నాలుగేళ్ల కూతురికి పుట్టుకతోనే గుండెలో చిల్లు ఉందనీ, ఆ వేసవిలో మద్రాసు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించకపోతే తర్వాత చేయించినా లాభం ఉండదనీ డాక్టర్లు చెప్పారు. ఖర్చు మాదేనని సంస్థ పూచీ ఉత్తరం ఇస్తేనే అక్కడ చేర్చుకుంటారు. పిల్లను భుజాన వేసుకుని రెండో అంతస్తులోని మా సెక్షనుకు వచ్చేవాడు. దించి నడిపిస్తే నాలుగు మెట్లకే ఆ పిల్ల రొప్పేది, పెదాలు నల్లబడేవి. "బేగి సూడు బావా. గుంటకి ఊపిరందట్నేదు. నానేటి సెయ్యాలో తెల్డం నేదు," అనేవాడు.

నేను బేగినే చూశాను. పట్టికంతా గాలిస్తే చిల్లు అన్న మాట ఒక్కచోటే ఉంది: పంటి చిల్లు పూడ్చడం. గుండెదీ చిల్లే, చేసేదీ పూడ్చడమే! నా తెలివికి నేనే మురిసిపోయి దంతాల కోడు వేసి పైకి పంపాను. కాసేపటికే ఫైలు నా బల్ల మీద దభీమని పడింది. "ఒక్క పంటికి మద్రాసు దాకా ఎందుకయ్యా? పీకించెయ్యమను!" అన్నాడు స్పేర్‌పార్టు. పన్ను కాదండీ, గుండె అని నసిగాను. అయితే శ్రద్ధగా చదవాలి అన్నాడు. ఆయన శ్రద్ధగా చదువుతానంటేనే మాకు భయం.

మర్నాడు క్రేను బావనూ, భార్యనూ పిలిపించాడు. "చూడవయ్యా. వాడకంలో అరిగితే మరమ్మతు మనది. ఇదేమో పుట్టుకతో వచ్చిందని రాశారు. అంటే తయారీ లోపం. తయారీ లోపానికి తయారుచేసినవాడే బాధ్యుడు గానీ సంస్థ కాదు. రూలు అది." నవ్వుతాడేమోనని ఆయన మొహం చూశాను. నవ్వితే కదా! ఎదురుగా తల్లి ఒళ్లో పిల్ల ఎగశ్వాస పడుతుంటే ఈ పెద్దమనిషి తయారీదారుణ్ణి వెతుకుతున్నాడు. నా రక్తం మరిగింది. (మరిగింది గానీ ఫైలు సర్దుతూ నిలబడ్డాను. ప్రొబేషన్.) క్రేను బావ చేతులు కట్టుకుని, "అయితే ఏటి సెయ్యమంతారు బాబూ? సింహాచలం అప్పన్నకి నోటీసు ఇమ్మంతారా?" అన్నాడు. ఎగతాళి కాదు, పాపం నిజంగానే అడిగాడు. స్పేర్‌పార్టు ఆ సంగతి కొంచెంసేపు ఆలోచించాడు కూడా.

అంతవరకూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న బావ భార్య ఒక్కసారిగా లేచింది. "ఓలమ్మో! నా పిల్ల మిసనా? సరే, మిసనే అనుకో. మీ కంపెనీ ఆస్పత్రిలోనే కదా కన్నాను! మీ డాక్టరమ్మే అటూ ఇటూ తిప్పి సూసి, తూకం ఏసి, అంతా బాగున్నాదని సంతకం ఎట్టి నా సేతిలో ఎట్టింది. ఆ పొద్దు బాగున్నాదని సెప్పి, ఇయాల మాకేటి సంబంధం అంతే ఎలాగ?"

స్పేర్‌పార్టు కళ్లు మెరిశాయి. "సంతకం పెట్టిందా?" అని ముందుకు వంగాడు. "ఎట్టింది బాబూ." "పరీక్షించి?" "తిప్పి తిప్పి సూసింది." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏమయ్యా, వింటున్నావా? మన ఇన్‌స్పెక్షన్ అయి, లోపం లేదని సంతకం పెట్టి సరుకు పుచ్చుకున్నాక తయారీదారుడి పూచీ చెల్లిపోయింది. ఇంక మరమ్మతు మనదే. ఇదీ రూలే!" పిల్ల ఆయాసం చూసి కరగని మనిషి సంతకం మాట వినగానే వెన్నలా కరిగిపోయాడు. గుండెకు మా పట్టికలో కోడు లేదు కాబట్టి స్టోర్సు పట్టిక తెప్పించి, 'పంపు, సాధారణ మరమ్మతు' అన్న నంబరు తన చేత్తో వేశాడు. సాయంత్రానికి పూచీ ఉత్తరం టైపు అయిపోయింది.

వేసవి దాటాక మద్రాసు నుంచి బిల్లు వచ్చింది. ఇంక పాస్ చేయడమే అనుకుంటే స్పేర్‌పార్టు కలం మూసేశాడు. మరమ్మతు చేసిన క్రేనుతో బరువు ఎత్తించి చూడకుండా ఆయన జన్మలో బిల్లు మూయలేదట. "లోడ్ టెస్ట్ ఏదయ్యా?" అన్నాడు. సెక్షనంతా లోలోపల తిట్టుకున్నాం. క్రేను బావ మాత్రం వెంటనే వెళ్లి పిల్లను తెచ్చి కింద మొదటి మెట్టు దగ్గర దించాడు. స్పేర్‌పార్టు పైన నిలబడ్డాడు. ఆ పిల్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి మా అంతస్తుకు వచ్చింది. ఆగలేదు. ఆయన పక్కనుంచి దూరి డాబా మీదికి పరుగెత్తింది. పట్టుకోమని నన్ను తోలారు. నేను రొప్పుకుంటూ పైకి చేరేసరికి అది ఓడలు చూస్తూ గంతులేస్తోంది, పెదాలు ఎర్రగా ఉన్నాయి. కిందికి వస్తే స్పేర్‌పార్టు కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు. చాలాసేపు తుడిచాడు. ఆ తర్వాత బిల్లు మీద 'లోడ్ టెస్ట్ సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాడు. నేను ఊరుకోలేక, "మరి పాత పార్టు స్టోర్సుకు అప్పగించాలి కదండీ?" అన్నాను. "చిల్లును ఎలా అప్పగిస్తారయ్యా? బుద్ధుందా నీకు?" అని కసిరాడు.

మొన్న మధురవాడలో నా గుండెకే స్టెంటు వేశారు. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు కన్నుమూసి తెరిచేలోగా నా జబ్బుకు కోడు కొట్టేశాడు. తప్పు లేదు, వంక లేదు. నా మొహం మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఇంటికొస్తే లిఫ్టు పనిచేయడం లేదు. కమ్మీ పట్టుకుని మా ఫ్లాటున్న రెండో అంతస్తు దాకా ఎక్కి, నిలబడి రొప్పుతూ పైకి చూశాను. మా ఆవిడ తలుపు తీసి, "ఎవరి కోసమండీ చూస్తున్నారు?" అంది. "మా సూపరింటెండెంటు కోసం," అన్నాను. "ఆయన పోయి ఎన్నేళ్లయింది! లోపలికి రండి," అని చెయ్యి పట్టుకుంది.