బావిలో దించిన గాజు తీగ

ఈ నెల మా సైటు ఆసిఫాబాద్ దాటాక ఒక పత్తి చేను పక్కన ఉంది. పొద్దున్నే డ్రిల్లింగు బురద కలుపుతారు. నీళ్లలో మెత్తటి బంకమట్టి పొడి పోసి తిప్పుతుంటే ఒక వాసన లేస్తుంది. తడిపిన పలక వాసనలా ఉంటుంది, దాని అడుగున కొంచెం డీజిల్. నిన్న ఆ వాసన తగిలి, టీ గ్లాసు చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాను. పోశం కాక దగ్గర ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది. ఉతికిన అంగీ తొడుక్కొని పెళ్లికి వచ్చినా వచ్చేది. ఆయన నాకు పని నేర్పిన మనిషి. ఆయనను తలచుకోగానే గౌరవం కలుగుతుందని రాస్తే బాగుంటుంది, అది అబద్ధమూ కాదు. కానీ గౌరవం కంటే ముందు నాలో ఈర్ష్య కదులుతుంది. ఆయన దగ్గర నాకే చెందుతుందని నేను నమ్మినది ఇంకొకరికి దక్కింది. ఆ మంట ఇన్నేళ్లయినా పూర్తిగా ఆరలేదు.

మేము తవ్వేవి నీళ్ల బోర్లు కావు. బొగ్గు పొరల్లో, వాటి కింది ఇసుకరాతిలో దాగిన గ్యాసు కోసం చాలా లోతుకు వేసే బావులు. తవ్వుతున్నంతసేపూ బావి నిండా బురద ఉండాలి. పంపు దాన్ని గొట్టం గుండా కిందికి నెడుతుంది, అది బావి గోడ వెంట పైకి తిరిగివచ్చి తొట్టిలో పడుతుంది. ఆ బురద బరువే కింది గ్యాసును అదిమిపెడుతుంది. ఎక్కడైనా గ్యాసు ఒత్తిడి ఆ బరువును మించిందంటే బావిలోకి చొరబడుతుంది. పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతూ తన మీది బురదను బయటికి తోసేస్తుంది. అప్పటికీ బావి నోరు మూయకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు, తవ్వే యంత్రం, రిగ్గూ మిగలదు, మనుషులూ మిగలరు. పోశం కాక మా రిగ్గు డ్రిల్లరు. మంథని దగ్గరి పల్లె ఆయనది. తవ్వే గొట్టాన్ని కిందికి దించే బ్రేకు పిడి ఆయన చేతిలో ఉంటే మేమందరం ధైర్యంగా అన్నం తినేవాళ్లం.

తొట్టిలో మట్టం పెరిగిందా లేదా అని మేము గీతలు చూసేవాళ్లం. ఆయన మాత్రం గంటకోసారి బురద తిరిగివచ్చే గొట్టం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకొని నిలబడేవాడు. నేను డిప్లొమా పట్టుకొని అక్కడికి వచ్చిన కొత్తలో అది పూజలాగా కనిపించి లోలోపల నవ్వుకున్నాను. తర్వాత రెండుసార్లు, తొట్టి మట్టం కదలకముందే, ఆయన పంపు ఆపించి చూపించాడు. పంపు ఆగినా బురద సన్నగా పారుతూనే ఉంది. కింద ఏదో తోస్తోందన్నమాట. ఆ రోజు నుంచి ఆ చెయ్యి నాకు కావాలనిపించింది. రెండేళ్లు ఆయన వెనకాల తిరిగాక ఒకనాడు నా మణికట్టు పట్టుకొని ఆ గొట్టం మీద పెట్టాడు. "నిండ పారుతుందా, ఎలితిగ పారుతుందా, చెయ్యికి ఎరుకైతది సారూ. జర ఓపిక పట్టు," అన్నాడు. ఆ సెలవుకు మందమర్రిలో మా ఇంటికి వెళ్లి నాన్నకు, మా బాపుకు చెప్పాను. భూమి కింద బొగ్గు తవ్వి రిటైరైన మనిషి, గ్యాసంటే ఏమిటో నాకంటే ఎక్కువ తెలిసినవాడు. నీకు మంచి ఉస్తాదు దొరికిండు, పోగొట్టుకోకు అన్నాడు బాపు. నేను కాకా అని పిలిచినా ఆయన నన్ను సారూ అనే అనేవాడు. ఇంజనీరునని అంటున్నాడులే అనుకొని సరిపెట్టుకున్నాను. ఆరేళ్లు అలా గడిచాయి. ఆయన తర్వాత ఆ రిగ్గు మీద ఆ విద్య నాదే అని ఎవరూ అనకపోయినా నేను అనుకున్నాను.

అప్పుడు స్రవంతి వచ్చింది. హుజూరాబాద్ అమ్మాయి, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. ఇంకో కంపెనీ తరఫున, మా బావిలో ఫైబర్ తీగ వేసి పరీక్షించడానికి వచ్చింది. వెంట్రుకంత సన్నటి గాజు తీగ అది. దాన్ని స్టీలు గొట్టంలో పెట్టి, బావి గోడ కూలకుండా దించే ఇనుప కేసింగుకు బయటివైపు కట్టి, సిమెంటుతో బిగించారు. పైన క్యాబిన్‌లో ఒక పెట్టె ఆ తీగలోకి ఎడతెగకుండా లేజరు వెలుగు పంపుతుంటుంది. తీగ పొడవునా ప్రతి మీటరు దగ్గరా ఆ వెలుగు కొంచెం కొంచెం వెనక్కి చెదురుతుంది. ఎక్కడ తీగ వణికినా, వేడెక్కినా, చల్లబడినా తిరిగివచ్చే వెలుగులో తేడా పడుతుంది. కింద చొరబడిన గ్యాసు కేసింగు లోపల పైకి పాకుతుంటే ఆ వణుకు తెర మీద ఏటవాలు గీతై కనిపిస్తుంది. తొట్టిలో మట్టం పెరిగేసరికి ఆలస్యమవుతుంది, ఇది అంతకు చాలా ముందే చెప్తుంది అని స్రవంతి మాకు వివరించింది.

కాక దాన్ని చూసి నవ్వుతాడని ఎదురుచూశాను. ఆయన నవ్వలేదు. ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకొని తెర ముందు కూర్చున్నాడు. "గీ గీత ఏంది బిడ్డా? పంపుదా, నేలదా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. మరునాడు ఇంకో గీత గురించి అడిగాడు. వారం తిరగకముందే ఆమె చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి తిరుగు గొట్టం మీద ఆనించాడు. నేను రెండేళ్లు కాచుకున్న చోటు అది. నేను తొట్టి పక్కన నిలబడి అంకెలు రాసుకుంటున్నట్టు నటించాను. ఆ పూట నేను రాసిన అంకెలు మళ్లీ రాయవలసి వచ్చింది. బిడ్డా అన్న మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

ఇంకో మధ్యాహ్నం తడకల డేరా వెనక చేతులు కడుక్కుంటుంటే లోపల కాక గొంతు వినిపించింది. స్రవంతికి మస్కట్ ముచ్చట చెప్తున్నాడు. వయసులో ఉన్నప్పుడు అక్కడి చమురు బావుల మీద ఆయన కూలీగా పనిచేశాడట. వాళ్ల ఊరి సోపతి, చిన్నప్పటి స్నేహితుడు ఒకాయన కూడా అదే రిగ్గు మీద ఉండేవాడట. ఒకనాడు బురద పొంగుతోందని ఆ సోపతి అరిస్తే, పైనున్న ఇంచార్జి పది నిమిషాలు చూద్దామన్నాడట. ఆ పది నిమిషాల్లో బావి అంటుకుంది. సోపతి శవపెట్టెను కాకే విమానంలో వెంటబెట్టుకొని ఊరికి తెచ్చాడు. ఆరేళ్లు ఒకే డేరాలో తిన్నాం, ఒకే జీపులో తిరిగాం. ఆయన మస్కట్‌లో పనిచేశాడని కూడా నాకు తెలియదు. ఒక మనిషి చావు గురించి వింటూ నేను ఆలోచించింది మాత్రం ఒక్కటే. నాకు చెప్పనిది ఈమెకు ఎందుకు చెప్పాడని. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. ఎండ నడినెత్తిన ఉంది. కేసింగు దాటి కింద కొత్త పొరలోకి దిగుతున్నాం, షిఫ్టు ఇంచార్జిని నేను. స్రవంతి క్యాబిన్‌లోంచి వేగంగా వచ్చి, తెర మీద కేసింగు అడుగున వణుకు మొదలైందని, గీత పైకి పాకుతోందని చెప్పింది. నేను తొట్టి చూశాను. మట్టం కదల్లేదు. అంతకుముందు రెండుసార్లు రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు పోతే ఆమె తెర మీద ఏవో గీతలు పడ్డాయి. అది గుర్తుచేశాను, కొంచెం గట్టిగానే, నలుగురికీ వినబడేలా. ఆమె చెప్పింది తప్పు కావాలని నాకు ఉంది. నిజం అదే. ఒక పది నిమిషాలు చూద్దాం అన్నాను.

ఆ మాటకు కాక నా వైపు చూశాడు. తర్వాత బ్రేకు దగ్గర ఇంకొకరిని నిలబెట్టి, దిగివచ్చి గొట్టం మీద చెయ్యి ఆనించాడు. చాలాసేపు ఉంచాడు. "నా చెయ్యికి ఏం తెలుస్తలేదు," అన్నాడు. నా గుండెల్లో సంతోషం పొంగింది. గ్యాసు మా కాళ్ల కింద పైకి వస్తోంటే నేను సంతోషపడ్డాను.

కాక అంతటితో ఆగలేదు. "నా చెయ్యికి తెలువకుంటే లేనట్టేనా సారూ? ఆ పిల్లకు కిందున్నది కనవడుతుంది," అని పైకెక్కి నన్ను అడగకుండానే పంపు ఆపాడు. అందరం గొట్టం మూతి వైపు చూశాం. బురద ఆగాలి. ఆగలేదు. సన్నగా, ఆ తర్వాత వేలి లావున, ఆ తర్వాత బుడగలతో వచ్చింది. కాక ప్రివెంటర్ మూసేశాడు. ఎంత ఒత్తిడినైనా ఆపేలా బావి నోటికి బిగించిన ఇనుప దవడలవి. మూసిన కాసేపటికి మీటరు ముల్లు లేవడం మొదలై, నేను ఏ రోజూ చూడని అంకె దగ్గరికి వెళ్లి నిలబడింది. సాయంత్రం దాకా పక్క గొట్టం గుండా గ్యాసును దూరానికి వదులుతూ, బరువైన బురద ఎక్కిస్తూ బావిని అదుపులోకి తెచ్చాం. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగలలేదు. పది నిమిషాలు ఆగి ఉంటే ఎంతమందిమి మిగిలేవాళ్లమో నాకు తెలియదు.

రిపోర్టు రాయవలసింది నేను. ఇంగ్లీషులో రాశాను. తిరుగు బురద పెరగడం ఇంచార్జి గమనించి పంపు ఆపించాడని, బావి మూయించాడని రాశాను. ఫైబర్ మాట రాయలేదు. డ్రిల్లరుగా కాక సంతకం కావాలి. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఆ పిల్ల పేరు రాసినవా?" అని అడిగాడు. రాసిన కాకా అన్నాను. ఆయన తెలుగులో నిదానంగా, బడిలో రాసినట్టు, పోశం అని సంతకం పెట్టాడు.

ఆ తీగ వల్ల ఉపయోగం కనిపించలేదని పై ఆఫీసు పరీక్షను ఆపేసింది. స్రవంతి పెట్టె సర్దుకుంది. వెళ్లే ముందు నా టేబులు దగ్గరికి వచ్చింది. రిపోర్టు ఆమె చదివిందని ముఖం చూడగానే తెలిసింది. తిడుతుందని కాచుకున్నాను. తిడితే నాకు తేలిక అయ్యేది.

"కాగితంల ఏమున్నదో కాకకు నేను చెప్పలే సార్," అంది. "నా చేతి కింద తయారైన మనిషి అని మీ గురించి ఎవరొచ్చినా చెప్పుకుంటడు. నేనెందుకు చెడగొట్టాలె?"

జీపు ఎక్కి వెళ్లిపోయింది. నేను లేనప్పుడు ఆయన నా గురించి అలా చెప్పుకునేవాడని నాకు తెలిసింది అప్పుడే, అదీ ఆమె నోటి నుంచి.

నాలుగైదు నెలలకు కాక నడుము పట్టేసి పని మానేశాడు. ఒక ఆదివారం పెద్దపల్లిలో బస్సెక్కి మంథని వెళ్లాను. దారిపొడవునా వరి కోతలు జరుగుతున్నాయి. కాక మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ముందు మాటలేవీ పెట్టకుండా మొత్తం చెప్పేశాను. ఆయన చివరిదాకా విన్నాడు. తిన్నవా సారూ అని అడిగి, భార్యతో నాకు అన్నం పెట్టించాడు. నేను తిని చేతులు కడుక్కున్నాకే ఆ సంగతి ఎత్తాడు.

"నా సంతకాన్ని గూడ అబద్ధం చేసినవ్," అన్నాడు. అంతే. క్షమించమని అడగడానికి నోరు రాలేదు గాని ఇంకో మాట వచ్చింది. మస్కట్ సంగతి నాకెందుకు చెప్పలేదు కాకా అని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

"నువ్వెన్నడన్న అడిగినవా? నీకు పని కావాలె, పని చెప్పిన. గొట్టం పట్టుకొని గంత పరేషాన్ ఎందుకైతవు కాకా అని ఆ పిల్ల అడిగింది, ఆమెకు చెప్పిన." మళ్లీ రిపోర్టు మాటకు వచ్చి, "నాకు చెప్తే ఏమొస్తది సారూ. రాసినకాడ దిద్దు," అన్నాడు.

దిద్దాను. జరిగింది జరిగినట్టు రెండో రిపోర్టు రాసి, ఆమె పేరు, తెర మీద గీత కనిపించిన సమయం, నేనన్న పది నిమిషాల మాట, అన్నీ పెట్టి పంపాను. నన్ను ఇంచార్జి పని నుంచి తీసేసి ఏడాదికి పైగా స్టోరులో బోల్టులు చూసుకొమ్మన్నారు. ఆ సమయంలోనే కాక పోయాడు. దినం నాడు స్రవంతి ఎక్కడో పడమటి దేశపు చమురు బావుల నుంచి సెలవు పెట్టి వచ్చింది. రిపోర్టు దిద్దిన సంగతి ఆమెకు తెలుసు. నాతో మామూలుగానే మాట్లాడింది. కాక భార్య ఆమె చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకొని ఏడ్చింది. నాకు మంచినీళ్లిచ్చి, కుర్చీ చూపించింది. చావింట్లో, ఆ కుర్చీలో కూర్చొని కూడా, నేను మళ్లీ కుళ్లుకున్నాను.

తర్వాత గాజు తీగ మా బావుల్లోకి తిరిగి వచ్చింది. నన్నూ రిగ్గు మీదికి తీసుకున్నారు. ఇప్పుడు రిపోర్టు రాసిన ప్రతిసారీ షిఫ్టు వాళ్లందరినీ కూర్చోబెట్టి, రాసింది తెలుగులో చదివి వినిపించాకే సంతకాలు పెట్టిస్తాను. టైం దండగ అని విసుక్కునేవాళ్లున్నారు. నాకంటే ముందు ప్రమాదాన్ని పసిగట్టిన వాళ్ల పేరు రాయవలసి వచ్చినప్పుడు నా పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. ఎన్నేళ్లయినా అది మానలేదు. ఆగి, రాస్తుంది.