పన్నెతో కట్టిన రైలు వంతెన

చరిత్ర పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. ఈ మాట చెబితే నా దగ్గర చదువుకున్న పిల్లలు నమ్మరు. ఇన్నేళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన టీచరమ్మ చరిత్రలోనే తప్పడమేమిటని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. తెలుగూ రాజనీతీ ఒక్క దెబ్బకే గట్టెక్కాయి గానీ ప్రపంచ చరిత్ర పేపరు మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. అదీ పెళ్లయ్యాక, అత్తగారింట్లో ఉండి ప్రైవేటుగా బి.ఏ. కడుతున్న రోజుల్లో.

నేను పుట్టింది ఆదోనిలో. డెబ్బైల చివర్లో నన్ను ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ల ఇంటికి ఇచ్చారు. ఆ ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గాలు. ఒకదాని మీద మా మామ నేసేవాడు. రెండోది ఖాళీ. నా భర్తకు నేత అబ్బలేదు. కోడుమూరులో ఒక బట్టల అంగట్లో పనిచేస్తూ ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మామ ఆ ఖాళీ మగ్గాన్ని ఒకసారి, పుస్తకం పట్టుకున్న నన్ను ఒకసారి చూసేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆడని మగ్గాన్ని చూస్తే ఆయనకు అన్నం సహించేది కాదు, అంతే.

రెండోసారి తప్పిన రోజు ఒకే మాట అన్నాడు. "సెప్టెంబరుకు కట్టుకో. అదే కడసారి. తప్పితే పుస్తకాలు అటకెక్కిచ్చి మగ్గంలో కూసోవాల."

నాకు టీచరు కావాలని ఆశ. మగ్గం మీద చిన్నచూపేం లేదు. కానీ ఒకసారి ఆ గుంటలోకి కాళ్లు దించితే ఇక పైకి రానని నాకు తెలుసు.

అందుకే పొద్దున పని కాగానే గోడకానుకుని కూర్చుని బట్టీ పట్టేదాన్ని. ఎదురుగా మా అత్త రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఆమెకు అక్షరం రాదు. ఒకరోజు రాట్నం ఆపి అంది.

"ఏం మే, వారం నుంచి అదే గొణుగుతాండావు. నాకొక ముక్క తలకెక్కల్యా. నీకు మాత్రం యాడ ఎక్కుతాది? నాకు సెప్పు. నాకు అర్థమయితే నీకు వచ్చినట్టే."

సంతకం కూడా రాని మనిషికి అమెరికా అంతర్యుద్ధం చెప్పమంటే నాకు ఒళ్లు మండింది. మండినా చెప్పాను. అదొక దేశమనీ, అందులో ఉత్తరాదివాళ్లూ దక్షిణాదివాళ్లూ కొట్టుకున్నారనీ, దక్షిణాదిలో పత్తి పండుతుందనీ, ఆ పత్తి ఏరడానికి మనుషుల్ని కొనుక్కొచ్చి బానిసలుగా పెట్టుకున్నారనీ చెప్పాను.

"కూలి ఇయ్యరా?"

"ఇయ్యరత్తా. మనుషులే వాళ్ల సొత్తు."

అత్త తన వేళ్లు చూసుకుంది. ఆమె పుట్టిల్లు కైరుప్పల. మగ్గం అమ్ముకున్న ఇల్లు. పెళ్లయ్యేదాకా రైలుపట్టాల పక్కన చేలల్లో పత్తి ఏరింది. "కాయ డొప్పలు గీరుకోని వేళ్ల నుంచి నెత్తురు కారుతాది. కూలి ఇచ్చినా ఏడుపొస్తాది" అంది. ఆ రోజు నుంచి ఉత్తరాదివాళ్లు మా ఇంట్లో 'మనోళ్లు' అయిపోయారు.

మరుసటి రోజు వంతెన పాఠం. దక్షిణాది సైన్యానికి తిండీ మందుగుండూ ఒకే రైలుదారిలో పోతాయి. ఆ దారి ఒక నది దాటాలి. ఆ నది మీద వంతెనను తగలబెట్టడానికి ఉత్తరాది గుర్రపు దండు వచ్చింది. వంతెన దగ్గర ఉన్నది కొద్దిమంది సిపాయిలే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముసలివాళ్లూ బడిపిల్లలూ చేతికందిన తుపాకులతో పరుగెత్తుకొచ్చి కాపలా కాశారు. గుర్రపు దండు వెనక్కి పోయింది.

మాటలతో కాదంది అత్త. తన పాత నీలం చీర నేల మీద మడిచి పరిచింది. అది నది. మూలనున్న విరిగిన పన్నె తెచ్చి దాని మీద అడ్డంగా పెట్టింది. పన్నె అంటే మగ్గంలో పోగులు విడివిడిగా దూరేందుకు సన్నటి పుల్లలు బిగించిన చట్రం. చూస్తే అచ్చం రైలుపట్టాల్లాగే ఉంది. గుర్రపు దండుకు వేరుశనక్కాయలు, కాపలావాళ్లకు చింతగింజలు. దండు వంతెన దాకా వచ్చేసరికి మామ అన్నానికి లేచొచ్చి, పీట మీద కూర్చుని, మాటల్లో పడి ఉత్తరాది సైన్యాన్ని సగం ఒలుచుకు తినేశాడు.

"నీ వల్లనే మనోళ్లు ఓడిపోయినారు!" అని అత్త ఆయన చేతి మీద ఒక్కటి వేసింది. మామకు ఏమీ అర్థం కాలేదు. తప్పు చేసినవాడిలా పొట్టు మాత్రం ఎత్తి పారేశాడు.

ఓటమిని అత్త ఓర్చుకుంది. ముసలివాళ్ల సంగతే ఆమెకు మింగుడు పడలేదు. "ముసిలోళ్లను, పిలకాయల్ను ముందరికి తోసి ఆ దొరలు యాడ పండుకున్నారంట?" అని తిట్టింది. "మా ఊర్లో ఉగాది అయినాక రెండు పక్కలోళ్లు పిడకలతో కొట్టుకుంటారు. దెబ్బలు తగుల్తాయి. ఆ మీదట అందరూ ఒకటయితారు. వీళ్లు కాలేదా? ఆ ముసిలోళ్లు ఇండ్లకు పోయినారా లేదా?"

"పుస్తకంలో లేదత్తా."

"అదేం పుస్తకం మే?"

తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "ఎండాకాలం దాకా ఆగితే ఏట్లో ఇసక మీద నడిసి పోవచ్చు గదా. ఒక్క వంతెన కోసం ఇంతమంది సచ్చేదా?"

తుంగభద్రను ఎండాకాలంలో చెప్పులు చేత పట్టుకుని దాటినవాళ్లం మేము. వంతెన లేకపోతే ఏమవుతుందో నాకూ తెలియదు. రెండుసార్లూ 'వ్యూహాత్మక ప్రాముఖ్యం గల వంతెన' అని రాసి వచ్చాను, ఆ మాటకు అర్థం ఏమిటో నన్ను నేను అడగలేదు. ఆ సంగతి తెలిసిపోయేసరికి నాకు కోపం తన్నుకొచ్చింది. "నీకు చెప్పడం నాదే బుద్ధిలేనితనం!" అని పుస్తకం విసిరికొట్టాను. అది పోయి గంజి గిన్నెలో పడింది. అత్త గిన్నెలోంచి పుస్తకం తీసి, తుడిచి, ఎండలో పెట్టి, కాకులు రాకుండా పక్కన కూర్చుంది. ఆ కోపానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

తర్వాత నాలుగు రోజులకు గట్టి వాన పడింది. మా ఊరికి రైలు లేదు. నూలు ఆదోని స్టేషన్లో దిగి లారీలో రావాలి. దారిలో ఒక వంక పొంగి కల్వర్టు కొట్టుకుపోయింది. మూడు రోజులు లారీ రాలేదు. మూడో రోజుకు మా వీధిలో మగ్గం చప్పుడే లేదు. మామ ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాడు.

అత్త ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "మే, తెలిసినాది! మనిషయితే ఇసకలో నడిసి పోతాడు. రైలు పోతాదా? నూలు మూటలు రాకుంటే మీ మామ ఎంత పనోడయితే ఏం, ఊరకే కూసున్యాడు గదా. ఆ దక్షిణాదోళ్ల దండూ అంతే. కొట్టేదానికి చేతులుంటాయి, తినేదానికి బువ్వ రాదు. వంతెన కాల్చేది మనుషులు దాటకుండా కాదు మే, మూటలు రాకుండా!"

నేను పుస్తకం తెరిచాను. గంజి మరకల మధ్య ఆ పేజీ మొదటిసారి అర్థమైంది. అదే కాదు, ముందు పేజీలూ వెనక పేజీలూ అర్థమయ్యాయి. అత్తను కావలించుకుని ఏడ్చేశాను.

ఇక వారంలో పరీక్ష ఉందనగా దసరా చీరల పని వచ్చి పడింది. కల్వర్టు వల్ల పోయిన రోజులు కూడా కలిపి నేయాలి. చీరలు అప్పగించాల్సింది సరిగ్గా నా పరీక్ష రోజు సాయంత్రానికే. మామ నా వైపు చూసి నోరు తెరిచేలోపే అత్త లేచింది. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోవడానికే మూలిగే మనిషి, ఖాళీ మగ్గం గుంటలోకి కాళ్లు దించేసింది.

"దాన్ని పిలవాకు. నాకు నేత రాదా ఏం?" అంది మామతో. "నువ్వు సదువుకో మే" అంది నాతో. వారం రోజులు ఆ మగ్గం ఆగలేదు.

ఆదోనిలో పరీక్ష. పేపరంతా రెండుసార్లు వెతికాను. వంతెన ప్రశ్న రాలేదు. ఉత్తరాది విజయానికి కారణాలు రాయమన్నారు. పెన్ను తీస్తుంటే మా అత్త గొంతు వినబడింది, కొట్టేదానికి చేతులుంటాయి, తినేదానికి బువ్వ రాదు. అక్కడ పట్టుకుని రైలుదారులూ వంతెనలూ మూటలూ అన్నీ రాశాను. చివర్లో, ఏ పుస్తకంలోనూ లేని వాక్యం ఒకటి కూడా రాశాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చీరలు మడతపెట్టి ఉన్నాయి. అత్త ఇంకా గుంటలోనే ఉంది. మోకాళ్లు పట్టేసి పైకి రాలేకపోతోంది. మామా నేనూ చెరో రెక్క పట్టి లేపాం. ఆమెను గోడకానించి కూర్చోబెట్టి, నేను కాళ్లు ఒత్తుతుంటే అడిగింది.

"మన వంతెన వచ్చినాదా మే?"

"రాలేదత్తా. యుద్ధం ఎట్ల గెలిచినారో అడిగినారు."

"ఎవురు గెలిచినారని రాసినావు?"

"మనోళ్లే. మూటలు రానీకుండా చేసి గెలిచినారని రాసినా."

ఒత్తుతున్న నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మరి ఆ ముసిలోళ్లు, పిలకాయలు?"

"అందరూ ఇండ్లకు పోయినారని రాసినా అత్తా."

"అట్ల రాసినావా! అయితే నువ్వు పాసయితావులే" అంది.