తప్పు చెప్పలేని దెయ్యం

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదివిన ఏడు, నరసరావుపేటలో వాళ్ళ స్కూలు వార్షికోత్సవానికి నేను దెయ్యం వేషం వేశాను. అప్పటికి నాకు డెబ్బై మూడు నిండి రెండు నెలలు. ఈ సంగతి మా బంధువులు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. నేను స్టేజీ మీద జారి పడ్డానని ఒకరంటారు. పడలేదు. మాకు మొదటి బహుమతి వచ్చిందని ఇంకొకరంటారు. వచ్చింది రెండోది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వ్యాపారస్తుల ఇల్లు. కింద ఎరువులు, విత్తనాల కొట్టు, పైన కాపురం. మా ఆయన పోయాక కొట్టు మా చిన్నవాడు చూసుకుంటున్నాడు. మనిషి మంచివాడే, అరువు తీసుకున్న రైతుని కూడా గట్టిగా అడగడు, కానీ నవ్వడు. చిన్నప్పుడు నవ్వేవాడు. కొట్టు మీద పడ్డాక ఆ అలవాటు పోయింది. వాడి కూతురే ఈ మనవరాలు.

సాయంత్రం ట్యూషన్ నుంచి రాగానే ఈ పిల్ల టీవీలో జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్ పెట్టేది. దాన్ని కార్టూన్ అంటే ఒప్పుకోదు, యానిమే అనాలి. మాటలు తెలుగులోనే ఉంటాయి, కాకపోతే మన గుంటూరు వైపు మాట కాదు, టీవీ తెలుగు. అందులో ఐదుగురు కుర్రకారు పగలంతా సేమ్యాల హోటల్ నడుపుతారు, చీకటి పడితే దెయ్యాల మీదికి పోతారు. ఆ దెయ్యాలు ఊరికే భయపెట్టే రకం కాదు, ఎవరి రూపం కావాలంటే వాళ్ళ రూపంలోకి మారిపోతాయి. పోలీసులా వస్తాయి, పక్కింటావిడలా వస్తాయి, ఒకసారి ఆ హోటల్లో పిల్లిలాగే వచ్చి మూడు రోజులు పాలు తాగి పోయింది. వాటిని పట్టుకోవడానికి ఈ ఐదుగురూ పడే పాట్లు, ఒకళ్ళనొకళ్ళు అనుమానించి జుట్లు పట్టుకోవడం, ఆఖరికి మంత్రమో తంత్రమో వేసి గెలవడం. అదీ కథ.

మొదట్లో నేను విసుక్కునేదాన్ని. కొట్టులో ముప్పై ఏళ్ళు కూర్చున్నదాన్ని, నాకు లెక్క కుదరకపోతే నిద్ర పట్టదు. ఒకరోజు ఆ ఐదుగురూ భోజనానికి కూర్చున్నారు. బల్ల మీద ఆరు గిన్నెలున్నాయి.

"ఏమే, వాళ్ళు అయిదుగురే గదా, ఆరో గిన్నె ఎవరికి?" అన్నాను.

"అబ్బా నాయనమ్మా, బొమ్మలేసేవాళ్ళు ఏదో గీసుంటారు. నువ్వు గిన్నెలు చూడమాకు, కథ చూడు."

మర్నాడు తెలిసింది, వాళ్ళకి కనపడకుండా ఆ బల్ల దగ్గరే ఒక దెయ్యం కూర్చుని తింటోందని. మనవరాలు సోఫా మీంచి లేచి నా ముందు నిలబడింది. "నీకెట్టా తెలిసింది?"

"గిన్నెలు లెక్కపెట్టా."

ఆ రోజు నుంచీ నన్ను పక్కన కూర్చోబెట్టుకోకుండా టీవీ పెట్టలేదు. ఎవరు అసలు మనిషో, ఎవరు దెయ్యమో నేను ముందుగా చెప్పాలి. కుడిచేతి వాటం ఎడమచేతికి మారిందా, చెప్పులు ఏ వైపు విప్పారు, పొద్దున చెప్పిన వయసు సాయంత్రం చెప్పిన వయసుతో సరిపోయిందా, ఇవే నేను చూసేవి. ఎక్కువసార్లు నా మాటే నిజమయ్యేది. పక్క సందులో టైలరింగ్ చేసే సాయిబు గారి కూతురు కూడా వచ్చేది, అది మా మనవరాలి క్లాసే. అది మరీ అల్లరిది. "నాయనమ్మా, నిన్ను జపాన్ పంపిస్తే సీరియల్ రెండు రోజుల్లో అయిపోద్ది" అనేది.

ఆ పిల్లలకి నేనొక సంగతి చెప్పాను. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో పగటివేషగాళ్ళు వచ్చి ఊళ్ళో కొన్నాళ్ళు ఉండేవాళ్ళు. రోజుకో వేషం. ఒకరోజు ఒకతను కోర్టు అమీనా వేషంలో మా కొట్టుకొచ్చి, సరుకు జప్తు చేయడానికి వచ్చానని కాగితం తీశాడు. మా మామగారు లేచి నిలబడి, చెమటలు తుడుచుకుంటూ కుర్చీ వేశారు. నేను తలుపు చాటునుంచి చూశాను. అమీనా చెవి వెనకాల నీలం రంగు ఉంది. ముందురోజు కృష్ణుడి వేషం వేసింది ఆయనే. కొత్త కోడల్ని గనక నోరు విప్పలేదు. అమీనా మజ్జిగ తాగి, అరగంట కూర్చుని, అప్పుడు నవ్వాడు.

"అంటే మన ఊళ్ళో కూడా షిఫ్టర్లు ఉండేవాళ్ళు!" అంది టైలర్ గారి పిల్ల. సీరియల్లో రూపాలు మార్చే దెయ్యాలని అట్లా అంటారు.

"ఉండేవాళ్ళు. పాపం వాళ్ళు ఎవర్నీ తినలేదు, మజ్జిగ తాగారు."

ఇట్లా సంతోషంగా సాగుతుండగా లెక్కల పరీక్ష పేపరు ఇంటికి వచ్చింది. మార్కులు తక్కువేం కాదు. కానీ ఆఖరి పేజీలో మా మనవరాలు మూడు కళ్ళ దెయ్యాన్ని గీసి పెట్టింది, దెయ్యం ఒంటి మీద లెక్కల మేడం చీర. మేడం పిలిపించింది, మావాడు వెళ్ళి తల వంచుకుని వచ్చాడు. ఆ సాయంత్రమే చెప్పేశాడు, పదో తరగతికి పిల్లని గుంటూరులో రెసిడెన్షియల్‌లో చేర్పిస్తానని. అక్కడ టీవీలు ఉండవు, ఫోన్లు ఉండవు, నెలకొక ఆదివారం చూడనిస్తారు.

పిల్ల ఏడవలేదు. "నాన్నా, వార్షికోత్సవానికి మేం నాటకం వేస్తున్నాం. నేనే రాశా. నువ్వు రా. ఒక్కసారి నవ్వితే నన్ను ఇక్కడే ఉంచు. నవ్వకపోతే నోరెత్తకుండా పోతా" అంది.

"నేను నవ్వనని తెలుసు గదే నీకు."

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

వంటింట్లోంచి మా కోడలు, "మా పెళ్ళి ఫోటోల్లోనే నవ్వలా ఆయన. పిచ్చి పందెం కట్టావే" అంది. మావాడు మాత్రం "సరే" అన్నాడు. వాడు సరే అంటే రాసిచ్చినట్టే.

నాటకం నేను విన్నాను. పేటలో ఐదుగురు అమ్మాయిలు మిరపకాయ బజ్జీల బండి నడుపుతుంటారు, చీకటి పడితే రూపాలు మార్చే దెయ్యాలతో పోరాడతారు. ఒక దెయ్యం వాళ్ళ నాయకురాలి నాయనమ్మ రూపంలో వస్తుంది. ఆ నాయనమ్మకి ఎక్కాలన్నీ కంఠతా వచ్చు. అందుకని నాయకురాలు అనుమానం వచ్చి, "పదిహేడు ఎనిమిదులు?" అని అడుగుతుంది. దెయ్యం "నూట ఇరవై ఆరు" అంటుంది. దొరికిపోతుంది. అటు తిరిగి ముసుగు తగిలించుకుని అసలు రూపంలోకి వస్తుంది, అందరూ కలిసి జల్లిగరిటెలతో కొడతారు. ఈ నాయనమ్మ ఎవరో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

వార్షికోత్సవం శనివారం. గురువారం పొద్దున, ముసలమ్మ వేషం వేయాల్సిన పిల్లకి ఆటలమ్మ పోసిందని కబురొచ్చింది. మనవరాలి ముఖం చూడలేకపోయాను. రెండు రోజుల్లో నేర్చుకోవాలంటే వేరే పిల్లలెవరూ ఒప్పుకోలేదు. నాటకాలు చూసే టీచరమ్మ దగ్గరికి మనవరాలూ, టైలర్ గారి పిల్లా పరుగెత్తితే ఆవిడ నవ్వి, "కావాల్సింది ముసలమ్మే గదా, ఇంట్లో ఉన్న ముసలమ్మని తెచ్చుకోండి" అందట. ఆవిడ వేళాకోళానికే అందేమో. వీళ్ళు మాత్రం నిజమనుకుని వచ్చారు.

"నాయనమ్మా, ఏడు డైలాగులే."

"దెయ్యాన్నా నేను?"

"నువ్వు కాదు. నీలాగా వచ్చిన దెయ్యం."

"అదేగా, వేసేది నేనేగా."

ఒప్పుకున్నాను. పిల్ల గుంటూరు పోతే సాయంత్రం అయిదున్నరకి ఆ టీవీ ముందు నేను ఒక్కదాన్నే కూర్చుని గిన్నెలు లెక్కపెట్టుకోవాలి గదా. ఆ ఆలోచనే నన్ను ఒప్పించింది.

టైలర్ గారు ఊళ్ళో జాకెట్లన్నీ పక్కన పెట్టి మా వేషాలకి నల్ల కోట్లు కుట్టాడు. నా కొలతలు తీసుకోవడానికి వచ్చి, "పెద్దమ్మా, దెయ్యానికి చేతులు పొడుగు పెట్టాలా, పొట్టి పెట్టాలా?" అన్నాడు.

"నా చేతులకి సరిపడా పెట్టు నాయనా. దెయ్యమైనా లోపల ఉండేది నేనే."

రిహార్సల్ మేడ మీద. ఆరు డైలాగులు ఒక్క పూటలో వచ్చేశాయి. ఏడోది రాలేదు. "పదిహేడు ఎనిమిదులు?" అని పిల్ల అడగడం, నేను "నూట ముప్పై..." అనడం, అందరూ నెత్తి కొట్టుకోవడం. మాట మర్చిపోయి కాదు, నోరు ఒప్పుకోవడం లేదు. చివరికి టైలర్ గారి పిల్ల ఒక ఉపాయం చెప్పింది, అది లెక్క అనుకోకుండా బస్సు నంబరు అనుకోమంది. అట్లా అనుకుంటే శుక్రవారం సాయంత్రానికి నాలుగుసార్లు సరిగ్గా చెప్పాను. సరిగ్గా అంటే తప్పుగా.

శనివారం ఆరున్నరకి మొదలు పెడతామన్నారు, ఏడు పదికి మొదలు పెట్టారు. మాది నాలుగో ఐటం. నల్ల కోటు మీద శాలువా కప్పుకుని, శాలువా కింద మనవరాలు రంగులేసిన మూడు కళ్ళ ముసుగు పట్టుకుని స్టేజీ ఎక్కాను. లైట్లకి ముందు రెండు వరుసలే కనపడుతున్నాయి. రెండో వరుస చివర మావాడు కూర్చున్నాడు, చేతులు కట్టుకుని, కొట్టులో కంపెనీ ఏజెంటు మాటలు వినేటప్పుడు ఎట్లా ఉంటాడో అట్లా.

నాటకం బాగానే నడిచింది. జనం నవ్వుతున్నారు. మావాడు నవ్వడం లేదు. నా ఆరు డైలాగులు అయిపోయాయి. మనవరాలు జల్లిగరిటె నా మీదికి చూపించి, హాలంతా వినపడేలా అడిగింది.

"పదిహేడు ఎనిమిదులు?"

బస్సు నంబరు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే రెండో వరుసలో మావాడి పెదవులు కదిలాయి. వాడు తనలో తాను జవాబు చెప్పుకుంటున్నాడు. వాడికి ఆ ఎక్కం నేర్పింది నేను, కొట్టులో బస్తా మీద కూర్చోబెట్టి, తప్పు చెప్తే మళ్ళీ ఒకటో ఎక్కం నుంచి మొదలు పెట్టిస్తూ. వాడి ఎదురుగా నిలబడి తప్పు ఎట్లా చెప్పను?

"నూట ముప్పై ఆరు" అన్నాను. అనడమే కాదు, గట్టిగా అన్నాను.

హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. స్టేజీ మీద మాత్రం నలుగురూ కొయ్యబారిపోయారు. టైలర్ గారి పిల్ల తన మైకు ఆన్‌లో ఉందని మర్చిపోయి, "అయిపోయాం రా దేవుడా" అంది. అది నాలుగు స్పీకర్లలో వినిపించింది.

మనవరాలు నాకేసి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, నా వల్ల కాదే అన్నట్టు. ఒక్క క్షణం దాని కళ్ళలో నీళ్ళు చూశాను. తర్వాత ఏమనుకుందో, జల్లిగరిటె దించి, జనం వైపు తిరిగింది.

"అయితే ఈమె మా నాయనమ్మే! నిజం నాయనమ్మే! మరి దెయ్యం ఎవరు? మనలోనే ఉంది!"

వరసగా అందర్నీ అదే లెక్క అడగడం మొదలు పెట్టింది. ఒకమ్మాయి వేళ్ళు లెక్కపెట్టి ఎట్లాగో చెప్పింది. ఇంకో ఇద్దరు పక్కమ్మాయిని చూసి చెప్పారు. ఆఖరికి టైలర్ గారి పిల్ల దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పవే. పదిహేడు ఎనిమిదులు?"

"నూట... నూట నలభై?"

"దొరికింది!"

"ఒసేయ్, నేను దెయ్యం కాదే! నాకు నిజంగానే రాదే!"

అది నటన కాదు. ఆ పిల్లకి నిజంగానే పదిహేడో ఎక్కం రాదు. పక్కవాళ్ళు మూడుసార్లు చెప్పినా ఎక్కలేదు. హాలు హాలంతా ఊగిపోయింది. నేను శాలువా కిందినుంచి ముసుగు తీసి, గింజుకుంటున్న ఆ పిల్ల ముఖానికి తగిలించాను. "ఏందిది నాయనమ్మా, నువ్వు కూడానా?" అని ముసుగులోంచి అరుస్తోంది. పెనుగులాటలో దాని చేతిలోని జల్లిగరిటె నా చేతికి వచ్చింది. ఇక నాకు రాసిపెట్టిన పని ఏమీ లేదు. అందుకని నేను కూడా అందరితో కలిసి కొట్టాను, మెల్లగానే.

అప్పుడు చూశాను రెండో వరుస కేసి. మావాడు ముందుకు వంగిపోయి ఉన్నాడు. మొదట నాకు భయమేసింది, గుండెనొప్పేమోనని. తల ఎత్తాడు. కళ్ళజోడు చేతిలో ఉంది, కళ్ళలో నీళ్ళు, పక్కనున్న మా కోడలి భుజం పట్టుకుని నవ్వుతున్నాడు. వాడు అట్లా నవ్వగా నేను చూసి ఎన్నేళ్ళయిందో నా దగ్గర లెక్క లేదు. కోడలు వాడి నవ్వు చూడటంలో పడి నాటకం ముగింపు చూడనే లేదట.

బహుమతులిచ్చేటప్పుడు న్యాయనిర్ణేతగా వచ్చినాయన మైకులో, "పెద్దావిడ డైలాగు మర్చిపోయినా పిల్లలు చక్కగా సర్దుకున్నారు" అన్నాడు. ఇది తప్పు. గుర్తుంది గనకే చెప్పలేకపోయాను. స్టేజీ మీదే చెబుదామనుకున్నాను, మనవరాలు శాలువా పట్టి లాగింది.

ఆటోలో వస్తూ మావాడు ఒక్క మాటే అన్నాడు. "ఏమ్మా, పిల్ల బతుకు నీ నోట్లో ఉంటే, ఒక్క తప్పు మాట రాలేదా నీకు?"

"నువ్వెందుకు పెదవులు కదిపావు మరి?"

మళ్ళీ నవ్వు మొదలైంది వాడికి. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూశాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అందరం అన్నాలకు కూర్చున్నాం. కోడలు గోంగూర పప్పు వడ్డిస్తుండగా ఫోన్ మోగింది. గుంటూరు రెసిడెన్షియల్ వాళ్ళు, వారం నుంచీ వేళాపాళా లేకుండా సీటు ఉంచమంటారా అని చేస్తున్నారు. మావాడి చెయ్యి ఎంగిలిగా ఉంది, అందుకని ఎడం చేత్తో స్పీకర్ నొక్కాడు.

"వద్దండీ. మా పిల్ల ఇక్కడే చదువుకుంటుంది."

"అదేంటి సార్, మొదట ఖాయం అన్నారు గదా. ఏమైంది?"

"ఏం లేదండీ. నవ్వాను."

అవతలాయన "సరే సార్" అని పెట్టేశాడు. మనవరాలు తల ఎత్తలేదు. కంచంలో పప్పన్నం సగం ఉండగానే దాని మీద పెరుగు గుమ్మరించుకుని, రెండూ కలిపేసి గబగబా తినేస్తోంది.